మీ రైతు పేరేంటి?

ఆదివారం పది గంటల్లోపు కావలసిన పనులు:

షామియానా వాడికి మళ్ళీ ఫోన్ చెయ్యాలి.
రేపల్లె నుంచి ఇడ్లీ, వడ మూడొందల మందికి. చట్నీ నీళ్ళగా ఉండకూడదని గట్టిగా చెప్పాలి.
మోటారుకు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు.
గిరిబాబు చేత యంత్రం ఒకసారి ఖాళీగా తిప్పించి చూడాలి.
శిలాఫలకం మీద పరదా. తాడు లాగితే ఊడి రావాలి, పంచాయతీ ఆఫీసు దగ్గరలాగా మధ్యలో చిక్కుకోకూడదు.
తీర్మానం నాలుగు కాపీలు.
సభ్యుల రిజిస్టరు.
పాత ఫారాల కట్ట. ఎవరికీ చెప్పకూడదు.
అమ్మతో మాట్లాడాలి.

తనూజ ఈ జాబితాను కంపెనీ లెటర్‌హెడ్ వెనక రాసుకుంది. పొద్దున ఆరున్నరకల్లా పై వాటన్నిటికీ టిక్కులు పడ్డాయి. చివరి రెండింటికీ పడలేదు.

అమ్మ వసారాలో కూర్చుని మినుములు చెరుగుతోంది. నిన్న సాయంత్రం నుంచీ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆరు బస్తాలు ట్రాలీ ఆటోలో వేసుకుని, కూతురు తిరిగి తిరిగి కట్టించిన పప్పు మిల్లుకు మొదటి సరుకు తనదే కావాలని ముచ్చటపడి వెళ్ళిన మనిషి, చేతిలో చిన్న చీటీతో తిరిగి వచ్చింది. సభ్యుల జాబితాలో ధనమ్మ అనే పేరు లేదన్నారట గేటు దగ్గర. ఆ చేను ఎవరిదో అడిగి, చీటీలో 'రైతు పేరు' అన్నచోట కె. బసవేశ్వరరావు అని రాసి ఇచ్చారు.

ఆ చీటీ ఇప్పుడు క్యాలెండరు మేకుకు గుచ్చి ఉంది, కరెంటు బిల్లుల పక్కన.

"అమ్మా, టీ చల్లారిపోతోంది."

చేట ఆగలేదు.

"నిన్నటి నుంచి ఇట్లా కూర్చుంటే ఎట్లాగమ్మా? తిట్టు. ఏదో ఒకటి అను."

మినుములు పైకెగిరి పడ్డాయి. పొల్లు ముందుకు పోయింది, గింజ చేటలో మిగిలింది.

పెరట్లో ముఖం కడుక్కుంటున్న రామకోటి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. ఇంట్లో ఉరుము ఉరిమినప్పుడల్లా నవ్వించబోవడం ఆయనకు అలవాటు. "మీ అమ్మ మాట్లాడకపోతే నాకు హాయిగానే ఉందమ్మాయ్. కాకపోతే ఇవాళ తప్పెవరిదో తెలీక అల్లాడిపోతున్నా. రోజూ ఈపాటికి నాదని తేలిపోయేది."

ఎవరూ నవ్వలేదు.

"తప్పు నాదే నాన్నా," అంది తనూజ.

అప్పుడు ఆగింది చేట.

"నీదని నీకు తెలుసా?" అంది ధనమ్మ. గొంతు బొంగురుపోయి ఉంది. "ఏం చేశావో తెలుసా? రెండేళ్ళ కిందట ఇదే వసారాలో, ఇదే మంచం మీద కూర్చుని ఫారం తీశావు. 'మీ రైతు పేరేంటి' అనడిగావు. కన్నకూతురివి. నన్నడిగావు. బసవేశ్వరరావుగారని చెప్పాను. రాసుకున్నావు."

"రైతంటే నువ్వే కదమ్మా!"

"ఎవరు చెప్పారే నాకా సంగతి? పుట్టి నలభై తొమ్మిదేళ్ళయింది. మా అమ్మ 'మా రైతు' అంటే భూమి గలాయన. మీ నాయనమ్మ 'మా రైతు' అంటే భూమి గలాయన. మనం కౌలోళ్ళం. కూలోళ్ళం. మనల్ని రైతులని ఎవరన్నా పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తాం, ఇంకెవరన్నా వస్తున్నారేమోనని."



ఆ ఊళ్ళో మాట అదే. మా రైతు తెనాల్లో ఉంటాడు. మా రైతుకి కోపం ఎక్కువ. మా రైతు ఈ ఏడు కౌలు పెంచాడు. ఆ మాట వింటూనే పెరిగింది తనూజ. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. మినుములు పండించే ఊరు పప్పు కొనుక్కోవడం ఏమిటని కాలేజీ రోజుల్లోనే ఆమెకు మండేది. బస్తాలు ఇక్కణ్ణుంచి తెనాలికి పోతాయి, అక్కడ పొట్టు తీసిన మినపగుళ్ళయి, సంచుల్లో పడి, రెట్టింపు రేటుకు మళ్ళీ ఇదే ఊరి కొట్లోకి వస్తాయి. మిల్లు ఇక్కడే ఉంటే గుళ్ళు ఇక్కడ, పని ఇక్కడ, గేదెలకు పొట్టు ఇక్కడ. ఆ ఒక్క ఆలోచన పట్టుకుని రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది. రైతుల కంపెనీ రిజిస్టరైంది. ఆమె సీఈఓ అయింది. ఊరివాళ్ళకు నోరు తిరగక సీవో అంటారు.

ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపింది ఆమే. ఫారంలో 'రైతు పేరు' అని ఒక గడి, 'పాస్‌బుక్ నంబరు' అని ఒక గడి ఉన్నాయి. సాగు చేసేవాళ్ళకు గడి లేదు. భూమికొక పేరుంటే చాలనుకుంది. ఆ పేరే రేపు వాటా అవుతుందనీ, ఓటు అవుతుందనీ తట్టలేదు. వాటా కింద ఒక్కో ఇల్లు ఒక్కో బస్తా మినుములు పోసింది. బస్తాలు పోసినవాళ్ళు అరవై ఒక్కమంది కౌలుదార్లు. రిజిస్టరుకెక్కినవాళ్ళు అరవై ఒక్కమంది భూమిగల ఆసాములు.

ఇవాళ పదింటికి సర్వసభ్య సమావేశం. ఆ జాబితా ఖరారు చేస్తే ఇక కొత్తగా ఎవరినీ చేర్చుకోరు. మిల్లు సభ్యుల సరుకే కొంటుంది. అమ్మ చెరిగిన మినుములు ఇక ఏ ఏడైనా బసవేశ్వరరావుగారి పేరు మీదే తూకానికి ఎక్కాలి.

"ఆయన మంచాయనేలే," అన్నాడు రామకోటి. "నెమ్మదిగా చెబితే కాదనడు."

"మంచాయనే," అంది ధనమ్మ. "మంచాయన గనకే పంతొమ్మిదేళ్ళుగా ఏదీ అడగలేదు. అడిగితే ఏమవుతాడో మనకేం తెలుసు?"

ఆమె లేచి పొల్లు పెరట్లో పారబోసి వచ్చింది. గుమ్మంలో నిలబడి, కూతురి వైపు చూడకుండా అంది:

"అరవై ఇళ్ళలో ఒకటే జవాబు చెప్పాం. ఒక్క ఇంట్లో నీకు వేరే జవాబు వచ్చింది. గుర్తుందా?"

గుర్తుంది. అందుకే పొద్దున్నే ట్రంకుపెట్టె తీసి పాత ఫారాల కట్ట విప్పింది. పద్నాలుగో నంబరు ఫారం చూసి మళ్ళీ కట్టేసింది.

రెండేళ్ళ కిందట తనూజ ఆ ఫారం పట్టుకుని వెళ్ళేసరికి మాణిక్యమ్మ పిడకలు చరుస్తోంది. భర్త పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. రెండెకరాల కౌలు ఒక్కతే చేసుకునేది.

"మీ రైతు పేరేంటి పిన్నీ?"

"నేనేగా."

తనూజ మాణిక్యమ్మ అని రాసేసింది కూడా. రాశాక నవ్వొచ్చింది. "నువ్వు కాదు పిన్నీ, రైతు. రైతు పేరు."

"నేనేనే! దున్నించేది నేను, చల్లేది నేను, కోసేది నేను. పల్లాకు తెగులొస్తే ఏడ్చేది నేను. ఇంకెవరుంటారు?"

"భూమి ఎవరిది?"

"భూమా? వెంకటరత్నంగారిది. బాపట్లలో ఉంటారు. ఆయన్ని చూసి నాలుగేళ్ళయింది."

తనూజ మాణిక్యమ్మ పేరును అడ్డంగా కొట్టేసి పైన వెంకటరత్నం అని రాసింది. పేడచేత్తో ముంగురులు వెనక్కి తోసుకుంటూ మాణిక్యమ్మ అంది, "నీకేది సరైతే అదే రాసుకో తల్లీ. చదువుకున్నదానివి."

మరుసటేడు వెంకటరత్నం ఆ రెండెకరాలు రొయ్యల చెరువుకు ఇచ్చేశాడు. మాణిక్యమ్మ ఊరొదిలి వెళ్ళిపోయింది. ఏ కాగితం మీదా పేరు లేని మనిషి కాబట్టి, వెళ్ళిపోయిన సంగతి కూడా ఏ కాగితం మీదా లేదు.

వీధిలో కారు ఆగింది.

బసవేశ్వరరావు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని దిగాడు. తెనాలిలో సిమెంటు, ఇనుము వ్యాపారం. ఈ ఊళ్ళో నాలుగెకరాలు. కంపెనీకి చైర్మన్. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చే మర్యాద ఉన్న మనిషి. ధనమ్మ అలవాటుకొద్దీ లేచి నిలబడింది. అంతలో ఏమనుకుందో ఏమో, మళ్ళీ కూర్చుని చేట ఒళ్ళోకి తీసుకుంది.

రామకోటి కంగారుగా ప్లాస్టిక్ కుర్చీ తువ్వాలుతో తుడిచాడు.

"ఏమ్మా తనూజా, సిద్ధమేనా? మిల్లు దగ్గరికే పోతున్నా, కార్లో వచ్చేయ్."

"సార్, తీర్మానం ఒక నెల వాయిదా వేద్దామండి."

"సారేంటమ్మా, బాబాయ్ అనమని ఎన్నిసార్లు చెప్పాను?" ఆయన నవ్వాడు. "వాయిదా ఎందుకు?"

"జాబితా తప్పండి. సాగు చేసేవాళ్ళ పేర్లు లేవు."

బసవేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయనకు కోపం రాలేదు. చిన్నపిల్లకు లెక్క చెప్పే ఓపికతో మాట్లాడాడు.

"చూడమ్మా. షెడ్డుకి బ్యాంకు అప్పిచ్చింది. హామీ పెట్టింది ఎవరి పాస్‌బుక్? నాది. వెంకటరత్నంగారిది. శివరామయ్యగారిది. కౌలంటే ఏ ఏటికాయేడు మాట. ఈ ఏడు రామకోటి, వచ్చే ఏడు ఇంకొకడు. మారిపోయేవాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎట్లా రాస్తాం?"

"మావాళ్ళు పంతొమ్మిదేళ్ళుగా మారలేదండి."

"మారకుండా చూసింది నేనే కదమ్మా."

చాలా మెత్తగా అన్నాడా మాట.

"అవునండి," అన్నాడు రామకోటి.

ధనమ్మ మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. తర్వాత ఆసామి వైపు తిరిగింది.

"అయ్యా, ఒక మాట. వరికి మీకు కౌలు కొలుస్తున్నాం. ఏనాడూ గింజ తగ్గించలేదు. వరిలో చల్లుకున్న మినుము మాత్రం చేసుకున్నవాళ్ళదేనని మీ నాన్నగారు చెప్పారు. ఈ ఊళ్ళో అందరి మాటా అదే. రెండో పంట జోలికి ఆసామి రాడు."

"మినుము గిట్టని రోజుల్లో మాటమ్మా అది."

"గిట్టని రోజుల్లో మాది. గిట్టే రోజు వస్తే మీదా అండి?"

బసవేశ్వరరావు ముఖం మొదటిసారి మారింది. లేచాడు. రామకోటి ఆయన చెప్పులు సరిచేయబోతే "నేను వేసుకుంటాలే" అన్నాడు. కారు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"తీర్మానం నువ్వే చదవాలి తనూజా. నీ ఉద్యోగం కాగితం కూడా ఇవాళే పొడిగిద్దామనుకుంటున్నాం. పదింటికి."

కారు వెళ్ళిపోయాక రామకోటి మంచం మీద కూలబడ్డాడు. "చేను పోతే ఏం చేస్తామే?"

"నిన్న చీటీ మీద పోలేదా?" అంది ధనమ్మ. "పోయిందని నీకు ఇవాళ తెలిసింది, అంతే." లోపలికి వెళ్ళి, పెళ్ళిళ్ళకు కట్టే ఆకుపచ్చ చీర తీసింది. "నేనూ వస్తున్నా. సభ్యురాల్ని కాదుగా. ఇడ్లీ తినడానికి వస్తున్నా."

*

మిల్లు పెనుమూడి రోడ్డు మీద ఉంది. కొత్త రేకులు ఎండకు మెరుస్తున్నాయి. లోపల ఎర్ర కుర్చీలు, వాటి వెనక తాడు, తాడు వెనక కింద పరిచిన బరకాలు. కుర్చీలు సభ్యులకు. బరకాలు మిగతావాళ్ళకు. అలా వెయ్యమని ఎవరూ చెప్పలేదు. షామియానా వాడు ఎప్పుడూ వేసే పద్ధతిలోనే వేశాడు.

తాడు లాగగానే పరదా చక్కగా ఊడి వచ్చింది. చప్పట్లు మోగాయి. నల్ల రాయి మీద బంగారు అక్షరాలు: 'రైతుల కోసం, రైతుల చేత.' కింద అరవై ఒక్క పేర్లు. ఆ పేర్లున్న రైతుల్లో ముగ్గురికి, మిల్లు ఎక్కడుందో పొద్దుటి నుంచి ఫోన్లో దారి చెబుతూనే ఉన్నాడు గిరిబాబు.

"ఆపరేటర్ ఉద్యోగమని చెప్పి తెనాలి నుంచి తెచ్చారు మేడం," అన్నాడు తనూజ చెవిలో. "ట్రాఫిక్ కానిస్టేబుల్ పని చేయిస్తున్నారు."

ఆమె నవ్వలేకపోయింది. భుజాన ఉన్న సంచిలో ఫారాల కట్ట ఇటుకలాగా బరువుగా ఉంది.

బసవేశ్వరరావు మైకు అందుకున్నాడు. ఈ మిల్లుతో ఈ ప్రాంతం రూపురేఖలే మారిపోతాయన్నాడు. రేపల్లె, తెనాలి, బాపట్ల మూడూ ఇటు చూస్తాయన్నాడు. వ్యవసాయమే అభివృద్ధికి ఇంజను అన్నాడు. ఆ వాక్యం తనూజ రాసి ఇచ్చిందే. రాసినప్పుడు ఎంత నిజమనిపించిందో, ఆయన నోట వింటుంటే అంత సిగ్గనిపించింది. ఇంజను సరే. బండి ఎక్కించుకున్నది ఎవరిని? తోసినవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు?

"ఇప్పుడు మన సీఈఓ తనూజ తీర్మానం చదువుతారు."

తనూజ లేచింది. కాగితం తీసింది. "ఈ సర్వసభ్య సమావేశం కింద పేర్కొన్న అరవై ఒక్కమంది రైతులను..." అని ఆగింది.

రైతులను. ఆ మాట దగ్గరే కాగితం మడిచేసింది.

"చదవమ్మా."

"చదవలేనండి."

కుర్చీల్లో కలకలం రేగింది. బరకాల మీద నుంచి ఆకుపచ్చ చీర ఒకటి లేచి నిలబడింది.

"అయ్యా, నేను సభ్యురాల్ని కాదు," అంది ధనమ్మ. "ఒక్కటడిగి కూర్చుంటాను. మీ నాలుగెకరాల్లో ముందు ఆరే మూల ఏదండి?"

"ఏంటీ?"

"కోతకు ముందు వరిలో మినుము చల్లాలా? నేలలో తడి పదును ఉండాలా? చేనంతా ఒకసారి ఆరదు. ఒక మూల ముందు ఆరుద్ది. అక్కడ రెండు రోజులు ముందే చల్లాలి. లేకపోతే మొలవదు. ఆ మూల ఏదండి?"

బసవేశ్వరరావు నవ్వబోయాడు. "ఇదేం పరీక్షమ్మా?"

"సప్లిమెంటరీ రాసుకోమనవే అక్కా!" అని అరిచాడు బరకం మీద నుంచి కృపారావు. ఆయనా కౌలుదారే. బరకాలన్నీ గొల్లుమన్నాయి. కుర్చీల్లో ఒకరిద్దరు కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"తూర్పు మూలండి," అంది ధనమ్మ, నవ్వకుండా. "కాలవ గట్టు పక్కన. పంతొమ్మిదేళ్ళలో మూడుసార్లు పోగొట్టుకుని నేర్చుకున్నాను."

కూర్చుంది.

బసవేశ్వరరావు మైకు గట్టిగా పట్టుకున్నాడు. ఇప్పుడు గొంతులో మెత్తదనం లేదు.

"నవ్వులతో కంపెనీలు నడవవు. కాగితం కావాలి. రెండేళ్ళ కిందట ఇంటింటికీ తిరిగి అడిగారు. అడిగింది ఎవరో బయటివాళ్ళు కాదు, మీ పిల్లే. ఎవరి పేరు చెప్పారు మీరు? మా పేర్లు చెప్పారు. మీ నోటితో మీరే చెప్పారు. 'రైతుని నేను' అని ఆ రోజు ఒక్కరంటే ఒక్కరు అన్నారా? అన్నట్టు ఒక్క కాగితం చూపించండి. ఈ తీర్మానం ఇక్కడే చింపేస్తాను."

బరకాల మీద తలలు వంగిపోయాయి. నిజమే మరి. ఎవరూ అనలేదు. ధనమ్మ కూడా అనలేదు. తమ నోటి మాటే తమ మెడకు పలుపైంది. ఆ పలుపు పేనిన తనూజ మైకు పక్కనే నిలబడి ఉంది.

తనూజ సంచిలో చెయ్యి పెట్టింది.

ఆ ఫారం బయటికి తీస్తే దాని మీది కొట్టివేత కూడా బయటికి వస్తుంది. కొట్టేసింది ఏ ఆసామో కాదు. నీలం సిరాతో, తన చేత్తో, అడుగున 'సరిచూశాను, తనూజ' అన్న తన సంతకంతో. ఉద్యోగం పోవడం చిన్న మాట. ఈ అరవై ఇళ్ళ వాళ్ళు రేపటి నుంచి ఆమెను ఏ పేరుతో పిలుస్తారో!

ఆమె బరకాల వైపు చూసింది. అమ్మ ఆమె ముఖంలోకి సూటిగా చూస్తోంది. నిన్నటి నుంచి ఇదే మొదటిసారి.

"ఒక్కరు అన్నారండి," అంది తనూజ.

పద్నాలుగో నంబరు ఫారం విప్పి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది. పైన వెంకటరత్నం. కింద అడ్డంగీత. గీత కింద ఇంకా చదవడానికి వీలుగా ఒక పేరు.

ముందు వరసలో వెంకటరత్నం దిగ్గున లేచాడు. బసవేశ్వరరావు చెయ్యి చాచాడు. "ఏదీ, ఇటివ్వు."

తనూజ ఇవ్వలేదు. "ఇది కొట్టేసింది నేను," అంది మైకులో. "పేరు చదువుతాను. ఆ తర్వాత నన్నేం చేస్తారో మీ ఇష్టం."

చదివింది.

జవాబుగా ఎవరూ లేచి నిలబడలేదు. ఆ పేరు గల మనిషి అక్కడ లేదు. కుర్చీల్లోనూ లేదు, బరకాల మీదా లేదు. ఆ సమయానికి ఆమె బాపట్ల అవతల ఒక షెడ్డులో, ఐసు నీళ్ళలో నానిన వేళ్ళతో రొయ్యల తలలు తీస్తోంది. తన పేరు మైకులో మోగిందని ఆమెకు తెలియదు.

చైర్మన్ మాట నిలబెట్టుకుని కాగితం చింపుతాడో, కాగితం పట్టుకున్న పిల్లనే గేటు దాటిస్తాడో ఇంకా తేలలేదు. నల్ల రాయి మీద అక్షరాలు మాత్రం అలాగే మెరుస్తున్నాయి. వాటిలో ఆ పేరు లేదు. అందుకే చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. రైతు ఎవరని అడిగితే, పేడచేత్తో, తడుముకోకుండా, నేనేనన్న మనిషి ఒక్కతే ఉంది. మాణిక్యమ్మ. ఆ పేరు మీరు గుర్తుంచుకోండి.